మా మర ఆలకించుము

మే 5, ఆదివారం

ఈ రోజు పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, వచ్చే వారం కాదు ఆ పై వారం విన్నపాలు చదవాల్సింది నువ్వే అంది. మైకు ముందు నేనా? ఆడవాళ్లందరూ వంతుల వారీగా చదువుతారట. కొత్త కోడలికి కూడా వంతు ఉంటుందట. నేను ఐదో క్లాసుతో ఆపేసినదాన్ని అని చెప్పి చూశాను. దేవుడు సర్టిఫికెట్ అడగడులే అని నవ్వేసింది.

మా పుట్టింట్లో చర్చికి వెళ్లడం తక్కువ. నాన్న మంచం మీద కూర్చుని తనకు తోచినట్టు ప్రార్థన చేసేవాడు, మేం చివర్లో ఆమేన్ అనేవాళ్లం. మా పని అంతే. ఇక్కడ అలా కాదు. ముందు పాస్టరుగారు సృష్టికర్తవు నీవే, రక్షకుడవు నీవే అని దేవుణ్ణి స్తుతిస్తారు. తర్వాత ఒకరు మైకు ముందు నిలబడి ఒక్కొక్క విన్నపమే చదువుతారు. రోగుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం, వాన కోసం. ప్రతి విన్నపం తర్వాత అందరం ఒక్క గొంతుతో ప్రభువా, మా మర ఆలకించుము అంటాం.

ఈ మాట నాకు బాగా నచ్చింది. ఇక్కడ అందరిదీ మరమగ్గాల మిల్లు బతుకే. మా ఆయనదీ అదే. మర ఆగితే పొయ్యి ఆగుతుంది. మర చప్పుడు కొంచెం మారినా పనివాడు చెవితో పట్టెయ్యాలని అత్తయ్య చెప్పింది. మరి దేవుణ్ణి కూడా మా మర ఎలా ఉందో కాస్త విను అని అడగడం న్యాయమే కదా.

మే 7, మంగళవారం

ఆయనకు నేను నచ్చలేదేమో.

పెళ్లయి రెండు నెలలు కావస్తోంది. ఈ రోజు నీళ్లు తోడాను, స్నానానికి రండి అని వెనక నుంచి రెండుసార్లు పిలిచాను. కదల్లేదు. ముందుకు వెళ్లి నిలబడితే ఉలిక్కిపడ్డారు. నేను మాట్లాడుతుంటే కళ్లలోకి చూడరు, నోటి వైపే చూస్తారు. నాకు ముందు పన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉంటుంది. అందుకే చిన్నప్పటి నుంచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడతాను. అలా అడ్డం పెట్టుకోగానే ఆయన ముఖం చిరాగ్గా పెట్టి లేచి వెళ్లిపోతారు.

అత్తయ్య దగ్గర పైపైన కదిపాను. వాడు పుట్టుకతో మొద్దు కాదే, మిల్లులో చేరాకే ఇలా తయారయ్యాడు అంది. వెంటనే నా మీదికి తిరిగి, నువ్వు మాత్రం తక్కువా, నీ గొంతు నీ మీద వాలిన దోమకి కూడా వినపడదు, నోట్లో నోట్లో గొణిగితే ఎవడు పలుకుతాడు అంది. నవ్వాలో ఏడవాలో తెలియక గిన్నెలు తోముకున్నాను.

మే 12, ఆదివారం

పరువు పోయింది.

ఈ వారం విన్నపాలు చదివింది టైలరమ్మ. మధ్యలో దగ్గు వచ్చి కాగితం దించింది. అంతే, మగవాళ్ల వైపు నుంచి మా ఆయన ఒక్కరే గట్టిగా ప్రభువా, మా మర ఆలకించుము అనేశారు. ఆ విన్నపం సగం కూడా కాలేదు. పిల్లలు కిసుక్కుమన్నారు. వెనక ఎవరో, తొందరోడికి బస్సు టైమైనట్టుంది అన్నారు.

ఇంటికొచ్చాక అత్తయ్య, గుళ్లోనే నిద్రపోతావురా అని కడిగేసింది. ఆయన కంచంలోకి చూస్తూ తింటూనే ఉన్నారు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. నిద్రపోయేవాళ్లు కళ్లు మూసుకుంటారు. నేను అప్పుడు ఆయన్నే చూస్తున్నాను. రెప్ప వెయ్యకుండా టైలరమ్మ చేతిలో కాగితాన్నే చూస్తున్నారు.

మే 14, మంగళవారం

మిల్లులో గొడవ. పక్క మర మీద పనిచేసే పెద్దాయన చొక్కా చెయ్యి బెల్టులో పడిందట. ఆపు, ఆపు అని అరిచాడట. మా ఆయన పక్కనే ఉండి వెనక్కి తిరగలేదట. ఇంకెవరో పరిగెత్తుకొచ్చి స్విచ్చి ఆపేశారు. చర్మం గీరుకుపోవడంతో సరిపోయింది.

మిల్లు మేస్త్రి మా గుమ్మం దాకా వచ్చి, పక్కన మనిషి చస్తున్నా తిరిగి చూడనివాడు నాకొద్దు, ఇంకొక్కసారి ఇలా జరిగితే గేటు బయటే అని వీధి వీధంతా వినేలా అరిచి వెళ్లాడు. మేస్త్రికి మామూలుగా మాట్లాడడం రాదు. మంచినీళ్లు అడిగినా కేకే.

నాకు భయం వేసింది. నేను ఎలాంటి మనిషిని చేసుకున్నాను?

మే 15, బుధవారం

ప్రార్థన చేద్దామని మోకరించాను. ఏమడగాలో తెలియక లేచాను.

మే 17, శుక్రవారం, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆయనకు సాయంత్రం షిఫ్ట్, ఇంట్లోనే ఉన్నారు. అత్తయ్య బయటికి వెళ్లింది. నేను వంటింట్లో విన్నపాల కాగితం పట్టుకుని, దాదాపు గొంతు లేకుండానే చదువుకుంటున్నాను. ఎవరూ చూడటం లేదు కదా అని చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. తలెత్తితే గుమ్మంలో ఆయన. నవ్వుతున్నారు. పెళ్లయ్యాక అంత నవ్వు ఇదే చూడటం.

మర కాదే పిచ్చిదానా, మొర అన్నారు. మొర అంటే మన గోడు, మన ఏడుపు అన్నారు. మరని దేవుడెందుకు వింటాడు, ఆ రొద రోజూ వింటే దేవుడి చెవులు కూడా పోతాయి అన్నారు. చర్చిలో మొదటి వారం నుంచీ నువ్వు మర అనే అంటున్నావు, చెబుదాం చెబుదాం అనుకుంటూనే నవ్వుకుని ఊరుకున్నాను అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులోనే ఏదో తట్టింది. చర్చిలో అన్ని గొంతుల మధ్య నా గొంతు నాకే వినపడదు. పక్కన నిలబడే అత్తయ్యకే తెలియలేదు. అటు చివర మగవాళ్లలో ఉండే ఈయనకెలా తెలిసింది? అదే అడిగాను. మొర అంటే పెదాలు గుండ్రంగా రావాలి, నీవి రావడం లేదు అన్నారు. అనేసి, చేతిలోది జారవిడిచినట్టు ఆగిపోయారు.

అలవాటు కొద్దీ నోటికి చెయ్యి అడ్డం వచ్చింది. ఆ చెయ్యి వెనక నుంచే, మీకు వినపడదా అని గట్టిగానే అడిగాను.

చెయ్యి తియ్యి అన్నారు. ఏమన్నావో నాకు తెలియాలంటే చెయ్యి తియ్యి అన్నారు.

తీశాను. మళ్లీ అడిగాను. ఆయన తలుపుకు ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చున్నారు.

అదే రోజు, సాయంత్రం

డ్యూటీకి వెళ్లారు. నాతో చెప్పింది ఇది. మిల్లులో మరల దగ్గర ఏడేళ్లుగా ఉన్నారు. మొదట పిట్టల కూతలు పోయాయట. తర్వాత ఆడవాళ్ల గొంతులు. ఇప్పుడు మర చప్పుడు కూడా చెవికి కాదు, అరికాళ్లకి అదురులా తెలుస్తుందట. చర్చిలో కాగితం దిగడం చూసి, విన్నపం అయిపోయిందనుకుని అంటారట. మొన్న కాగితం ముందే దిగింది. పెద్దాయన చొక్కా సంగతి చెబుతూ ఏడ్చేశారు.

ఎవరికీ చెప్పొద్దు అన్నారు. అమ్మకీ వద్దు, మేస్త్రికీ వద్దు, ముఖ్యంగా ఆదివారం మైకులో వద్దు అన్నారు. చెవిటివాడని తెలిస్తే రేపే గేటు బయట అన్నారు.

నేను సరే అనలేదు, కాదనలేదు. చెబితే పని పోతుంది. చెప్పకపోతే రేపు బెల్టులో పడే చెయ్యి ఎవరిదో. విన్నపాల చివర, చదివేవాళ్లు తమ సొంత విన్నపం ఒకటి కలపాలి. ఇప్పుడు నా టెన్షనంతా అదే. మైకంటే భయం ఎటు పోయిందో.

మే 18, శనివారం

పాస్టరమ్మ దగ్గరికి వెళ్లి, మనం చెప్పకముందే దేవుడికి తెలుస్తుందా అని అడిగాను. అన్నీ తెలుసు అంది. మరి మైకెందుకు అన్నాను. మైకు దేవుడికి కాదమ్మాయ్, పక్కవాడికి, ఒకరి బాధ ఇంకొకరికి తెలియకపోతే అందరం ఒక్క గొంతుతో ఏమని అడుగుతాం అంది.

ఇంకోటి కూడా అడగాలనుకున్నాను, నోరు రాలేదు. మిల్లులో మరని తయారుచేసినవాడు వేరు, బాగుచేసే మెకానిక్ వేరు. చర్చిలో మాత్రం చేసిందీ కాపాడేదీ ఒక్కడే అంటారు. చెవిని చేసిందీ, కాపాడేదీ దేవుడే అయితే ఈ ఏడేళ్లూ ఎక్కడికి వెళ్లాడు? ఇలా రాయడం తప్పేమో. కొట్టెయ్యను. దేవుడు చూస్తే చూడనీ.

మే 19, ఆదివారం

చదివేశాను.

మైకు ముందు కాగితం ముఖానికి అడ్డం రాకుండా కిందికి పట్టుకున్నాను. రెండో చెయ్యి నోటి దగ్గరికి పోకుండా వీపు వెనక పెట్టుకున్నాను. పన్ను అందరికీ కనబడే ఉంటుంది. కనబడనీ. మగవాళ్ల వైపే చూస్తూ చదివాను, కొత్త కోడలికి ఎంత ధైర్యం అనుకుని ఉంటారు. ఆకాశాన్నీ నేలనీ చేసిన దేవా అని మొదలుపెట్టాను. రోగులు, ప్రయాణాలు, వాన. ప్రతిసారీ ఆయన పెదాలు సరిగ్గా సమయానికి కదిలాయి.

చివరికి సొంత విన్నపం దగ్గరికొచ్చాను. మరల దగ్గర నిలబడి వినికిడి పోగొట్టుకుంటున్న వాళ్ల కోసం, భయపడి అది దాచుకుంటున్న వాళ్ల కోసం, చెవిని చేసిన దేవా, నిన్ను వేడుకుంటున్నాము అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. ఆయన ముఖం పాలిపోయింది. మాట తప్పానా, తప్పలేదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఎవరూ పలకలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు ఆయన ఒక్కరే, ప్రభువా, మా మొర ఆలకించుము అన్నారు. పోయిన వారంలాగే ఒంటరిగా, పోయిన వారంలాగే గట్టిగా. ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరూ అన్నారు.

బయటికి రాగానే మేస్త్రి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చివర్లో ఏమన్నావమ్మాయ్, మళ్లీ చెప్పు అని కేకేశాడు. కుడి చెవి నా వైపు తిప్పి, దాని వెనక అరచెయ్యి పెట్టుకుని.

మళ్లీ చెప్పాను, గట్టిగా. అంతలో మా ఆయన ముందుకొచ్చి, అది నా గురించే మేస్త్రీ, ఆ రోజు నాకు ఆ కేక వినపడలేదు అనేశారు. మేస్త్రి, రేపు గంట ముందు రా అన్నాడు. పని తీసెయ్యడానికో మరెందుకో చెప్పకుండా వెళ్లిపోయాడు.

మే 20, సోమవారం

ఈ వారం పగటి షిఫ్ట్, గంట ముందే వెళ్లారు. అత్తయ్య పొద్దున్నుంచీ ఆయన చొక్కా ఒక్కటే మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మడతపెడుతోంది. నన్ను తిట్టినా బాగుండు.

సాయంత్రం

వచ్చారు. పని ఉంది. ఆయన మర మీద ఎర్ర బల్బు వేలాడదీశారట, పక్కవాళ్లు తాడు లాగితే వెలుగుతుందట. మేస్త్రి తన బల్ల మీద కూడా ఒకటి పెట్టించుకున్నాడట. ఎందుకని ఎవరూ అడగలేదట.

చెవులు మాత్రం అలాగే ఉన్నాయి. మరి దేవుడు విన్నట్టా, విననట్టా? నాకు తెలియడం లేదు.

మే 21, మంగళవారం

పనికి వెళ్తూ గుమ్మంలో ఆగి నా నోటి వైపు చూశారు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గొంతు లేకుండా, పెదాలు గుండ్రంగా రాకుండా జాగ్రత్తపడి అన్నాను.

ప్రభువా, మా మర ఆలకించుము.