ఇద్దరుంటేనే పోటీ

ఒరే అప్పలసూరీ,

అరవై దాటినవాళ్ళ నడక పోటీ ఇవాళ మళ్ళీ జరిగిందిరా, మన గోల్‌మురి మైదానంలోనే. పేరిచ్చింది నేనొక్కణ్ణే. "అకేలే రేస్ కైసే హోగా, అంకుల్?" అంటూ కమిటీ ఆయన కాగితం మడిచేయబోయాడు.

నిరుడూ ఇలాగే ఒక్కరికి పోటీ పెట్టనన్నాడు. అందుకే ఇంటికొచ్చి నిన్ను లాక్కెళ్ళాను. ఛాతీ పట్టేసినట్టుందన్నావు. గ్యాసే, నాలుగడుగులేస్తే పోతుందన్నాను. రెండో రౌండులో గోల్‌పోస్టు దగ్గర కూర్చున్నావు. మళ్ళీ లేవలేదు.

ఇవాళ చూడ్డానికొచ్చిన మీ ఆవిడ పైడమ్మ, "నా పేరు రాసీండి, నాను నడుత్తాను," అంది. షుగరుకి డాక్టరు రోజూ నడవమన్నాడట. చెప్పులు గట్టున విడిచి, కొంగు దోపుకుని బయల్దేరింది. మొదటి నుంచీ నాకంటే ముందే ఉంది. రెండో రౌండులో ఆ గోల్‌పోస్టును ఓసారి చేత్తో తాకి దాటిపోయింది. నా కాళ్ళు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

ఇంకాస్త నడిస్తే గెలిచేదే. వెనక్కి చూసి, గబగబా వచ్చేసింది.

"ఏటైంది అన్నయ్యా? గుండెలో ఏటైనా పట్టీసినట్టుందా? ముందు కూకోండి. పోటీ పోతే పోనీండి."

నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నాను. అప్పుడైనా చెప్పేద్దామనుకున్నాను. ఆమె నా వీపు రాస్తూ, "గ్యాసని ఊరుకోకండి, అన్నయ్యా. ఆయనా అలాగే అనుకునుంటారు," అంది.

అలా అన్నది నువ్వు కాదని చెప్పడానికి ఇవాళ కూడా నాకు నోరు రాలేదురా.