ఏడాదిలో మారుతుందా?

అక్టోబర్ 14, మంగళవారం

హాస్పిటల్ బిల్లులు ఇక మోయలేక ఇవాళ బ్యాంక్రప్ట్సీ కాగితాలు నింపడానికి లాయర్ దగ్గరికి వెళ్లాం. స్ట్రోక్ వచ్చాక రవికి గవర్నమెంట్ నెలనెలా ఇచ్చే డిజెబిలిటీ డబ్బు కూడా ఆదాయం కింద రాయాలంది ఆవిడ.

“నేను సంపాదించింది కాదు గదా, ఇన్‌కమ్ ఎట్లయితది?” అన్నాడు రవి నా వైపు తిరిగి.

బ్యాంక్రప్ట్సీకి అర్హులమా కాదా అన్న లెక్కలో దాన్ని కలపరనీ, అలాగని రాయకుండా వదిలేస్తే మాత్రం ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టేననీ ఆవిడ ఓపిగ్గా వివరించింది. రవి తలూపాడు. గండం గడిచిందనుకున్నాను.

ఆ ఫారం చివర ఇంకో ప్రశ్న ఉంది. రాబోయే ఏడాదిలో ఈ ఆదాయం మారుతుందా అని.

“యెస్,” అన్నాడు రవి వెంటనే. సమ్మర్‌కల్లా మళ్లీ ఉద్యోగంలో చేరతానని ఆవిడకి చెప్పాడు.

మూడేళ్లుగా ఇదే మాట. ఆ కుడిచేత్తో ఇప్పటికీ చొక్కా గుండీ పెట్టుకోలేడు. ఇక ఉద్యోగం చేయలేడన్న డాక్టర్ రిపోర్ట్ ముందు పెట్టుకుని ఆవిడ నా వైపు చూసింది.

“నో,” అన్నాను నేను.

ఆవిడ చూపించిన చోటల్లా రవి ఎడమచేత్తో సంతకం పెట్టాడు. కారెక్కాక అడిగాడు.

“డాక్టర్ రాసిండని అన్నవా సుధా, నువ్వు గూడ అట్లనే అనుకుంటున్నవా?”

ట్రాఫిక్ చూస్తున్నట్టు నటించాను.

రోజూ పడుకునే ముందు చేతి ఎక్సర్‌సైజ్ తప్పకుండా చేస్తాడు. ఇవాళ చేయకుండానే పడుకున్నాడు. చెయ్యమని నేనూ అనలేకపోయాను.