గరగర తీయబడును

బాబాయికి,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. ఫోను చేద్దామంటే, అందులో మనుషుల గొంతు నలిగి వస్తుందని నువ్వు ఎత్తవు కదా, అందుకే ఉత్తరం.

దీంతోపాటు ఒక బిస్కెట్ డబ్బా పంపుతున్నాను. పిన్ని ఆశపడేలోపే చెప్పేస్తున్నా, లోపల ఉన్నవి తీగలు. దాన్ని డిస్టార్షన్ పెడల్ అంటారు. గిటారుకీ స్పీకరుకీ మధ్య పెట్టి కాలితో నొక్కాలి. పగలు పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసుకుంటూ, సాయంత్రాలు టంకం వేసుకుంటూ అంతా నా చేతులతో నేనే చేశాను. మా బ్యాండులో సొంత డబ్బా చేసుకున్నది నేనొక్కదాన్నే, తెలుసా! కానీ శబ్దం పీలగా ఉంది. సీసాలో ఈగ తిరుగుతున్నట్టుందని మా డ్రమ్ములవాడు అన్నాడు. వచ్చే నెల టౌన్‌హాల్లో మా మొదటి కచేరీ. అప్పటికి దాని గొంతు బాగుచేసి పంపవూ?

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: మూత మీద కుక్కపిల్ల బొమ్మ ఉంది. తుప్పనుకుని గోకేయకు.

* * *

చిరంజీవి అమ్మడికి,

బాబాయి ఆశీర్వదించి రాసేది. డబ్బా చేరింది. నీ టంకం చుక్కలు ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ మూత తీసి చూపించాను. మా అన్నయ్య కూతురు చేసిందని చెప్పాను. మన రక్తం ఎక్కడికి పోతుంది!

అయితే ఒక్క పొరపాటు చేశావు. రెండు డయోడ్లు ఎదురెదురుగా పెట్టావు. అవి శబ్దానికి తలా తోకా కోసేస్తున్నాయి. గరగర అంతా అక్కడినుంచే. రెండూ పీకేశాను. ఇప్పుడు ఏ మూలా గరగర లేదు. నా దుకాణం బోర్డు మీద ఏముందో నీకు తెలుసుగా: ‘ఇచ్చట రేడియోలలో గరగర తీయబడును.’

ఆశీస్సులతో,
బాబాయి

తా.క.: ఆ డయోడ్లు పొట్లం కట్టి పంపుతున్నాను. పారెయ్.

* * *

బాబాయికి,

నమస్కారాలు, కన్నీళ్ళు. రిహార్సల్లో అందరూ చూస్తుండగా డబ్బాను ఠీవిగా నొక్కాను. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాను. నొక్కకముందు ఎలా ఉందో నొక్కాక కూడా అలాగే ఉంది. డ్రమ్ములవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ గరగర కోసమే కదా బాబాయ్, డబ్బా! నాకు కావలసింది గరగర పోవడం కాదు, చిక్కబడడం. బ్యాండులో పాడే మా పాటలక్క, కొట్లో కొన్న పెడల్ తెచ్చి నా ముందు పెట్టి, “ఈసారికి దీంతో కానిచ్చెయ్” అంది. చచ్చినా దానిమీద కాలు పెట్టను.

ఇట్లు,
దిగాలుగా నీ అమ్మడు

తా.క.: డయోడ్లు పారెయ్యలేదు. భద్రంగా దాచాను.

* * *

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి పిన్నీ నేనూ చాలాసేపు ఆలోచించాం. నీ తప్పేమీ లేదు. రోజంతా పళ్ళు రాపాడించే మిషను పక్కన కూర్చుంటే ఎవరి చెవులైనా అలాగే అవుతాయి. ముందు చెవుల డాక్టరుకు చూపించుకో.

గరగర కావాలని అడిగిన మనిషిని ఇన్నేళ్ళలో నేను చూడలేదు. నా చేతులమీదుగా గరగర బయటికి పోతే ఈ వీధిలో తలెత్తుకు తిరగగలనా? ఆ డ్రమ్ములవాడికి విడిగా ఉత్తరం రాశాను, మా పిల్లకు పాడు శబ్దాలు అలవాటు చెయ్యొద్దని.

ఇట్లు,
కంగారుగా బాబాయి

తా.క.: నా పరువుకు ఒకటే మచ్చ, పిన్ని వంటింటి రేడియో. గొంతులో కంకర పోసినట్టు మోగుతుంది. బాగుచేస్తానంటే స్క్రూడ్రైవరు దాచేస్తుంది. నా పనితనం మీద నమ్మకం లేదు కాబోలు.

* * *

బాబాయికి,

నమస్కారాలు. నా చెవులు బాగున్నాయి. నీ ఉత్తరాన్ని డ్రమ్ములవాడు అందరిముందూ రాగం తీసి చదివాడు, అది వేరే సంగతి.

మంచి మాట గుర్తుచేశావు. చిన్నప్పుడు సెలవులకు మీ ఇంటికొస్తే పిన్ని రేడియో పక్కనుంచి కదిలేదాన్ని కాదు. అందులో వార్తలు చదివినా పులి మాట్లాడినట్టుండేది. ఆ గరగరే బాబాయ్, నాకు కావలసింది! దాన్ని డబ్బాలో పెట్టాలనే ఇన్నాళ్ళూ నా తంటాలు. నావల్ల కాలేదు. నువ్వూ కాదంటే ఆ కొట్టు పెడలే గతి. మన ఇంట్లో టంకం పట్టేవాళ్ళం ఇద్దరం ఉండి!

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: డబ్బా మళ్ళీ పంపుతున్నాను. కుక్కపిల్ల నీవైపు ఎంత జాలిగా చూస్తోందో చూడు.

* * *

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. కొట్టు పెడలా? మన ఇంటి పిల్ల కాలి కిందా? ఆ మాట చదివాక నాకు ముద్ద దిగలేదు.

పిన్ని వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. అదను చూసి రేడియో విప్పాను. గరగర ఎక్కడుందో వెంటనే దొరికిపోయింది. నల్లరంగు పూసిన పాతకాలపు గాజు ట్రాన్సిస్టరు. తీసి నీ డబ్బాలో కూర్చోబెట్టాను. చుట్టూ ఉన్న రెసిస్టర్లు దానికి నచ్చేదాకా మార్చాను. దుకాణం తలుపులు మూసి, అరువు తెచ్చిన గిటారు మీద ఒక్క తీగ మీటాను. అమ్మడూ, కిటికీ అద్దం జలదరించింది! సిగ్గుపడాలో గర్వపడాలో తెలియక, తలుపు గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చూసుకుని వచ్చాను. తర్వాత మళ్ళీ మీటాను.

పిన్ని రేడియోలో కొత్త ట్రాన్సిస్టరు వేశాను. గంటలా మోగుతోంది. వచ్చి విని మురిసిపోతుంది.

ఇట్లు,
బాబాయి

తా.క.: పాత ట్రాన్సిస్టరుకు వేడి పడదు, అలుగుతుంది. స్టేజీ లైట్ల కింద పెట్టకు.

* * *

బాబాయికి,

వెయ్యి నమస్కారాలు. నిన్ననే కచేరీ. డబ్బాను కుర్చీ నీడలో పెట్టి నొక్కాను. పులి లేచింది! ముందు వరుసవాళ్ళు వెనక్కి జరిగారు, వెనక వరుసవాళ్ళు ముందుకొచ్చారు. పాటలక్క తన పెడల్ తనే సంచిలో పెట్టేసుకుంది. అయిపోయాక వేరే బ్యాండువాళ్ళు వచ్చి ఏ కంపెనీదని అడిగారు. “మా బాబాయి, నేను” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నన్ను చూడాల్సింది నువ్వు.

ఇట్లు,
గర్వంగా నీ అమ్మడు

తా.క.: డ్రమ్ములవాడు నీ ఉత్తరానికి ఫ్రేము కట్టించాడు.

* * *

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం వీధంతా చదివి వినిపించాను. నేల మీద నడిస్తే ఒట్టు. సాయంత్రం పిన్ని వాళ్ళక్క ఇంటినుంచి వచ్చి రేడియో పెట్టింది. మెచ్చుకుంటుందని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ మొహం వాడిపోయింది.

“ఏం చేశారు దీన్ని?”

“బాగుచేశాను.”

“ఎవరు చెయ్యమన్నారు? పెళ్ళికొత్తలో చేతులు కాల్చుకుని మరీ నాకోసం చేశారు. అప్పటికి మీకింకా పని సరిగ్గా రాదు. ఆ తర్వాత మీరు చేసినవన్నీ అందరివాటిలాగే మోగుతాయి. ఇదొక్కటే నాదిలా మోగేది. అందుకే కదండీ స్క్రూడ్రైవరు దాచింది!”

నమ్మకం లేక కాదన్నమాట. నీ దగ్గరున్న ట్రాన్సిస్టరు వెనక్కి అడుగుతానంటే, “పిల్లదాని దగ్గరే ఉండనీండి, హాలంతా విందిగా” అని ఆవిడే వద్దంది. కానీ రేడియోకు మళ్ళీ గరగర పెట్టేదాకా నాతో మాట్లాడదట.

కాబట్టి తల్లీ, నేను పారెయ్యమన్న ఆ డయోడ్లు రెండూ వెంటనే పంపు. ఎదురెదురుగా ఎలా పెట్టావో బొమ్మ గీసి మరీ పంపు.

ఇట్లు,
నీ శిష్యుడు, బాబాయి

తా.క. (పిన్ని రాసేది): అమ్మడూ, దుకాణం బోర్డు దింపించి పెయింటరుకు ఇచ్చాను. ‘గరగర తీయబడును’ కింద ‘అడిగినవారికి పెట్టబడును’ అని రాయిస్తున్నాను. మొదటి గిరాకీ నేనే.