పూత మీద బావ బొటనవేలు

ఎల్వుడ్ బావకి,

నువ్వు బావుండాలని రాయబుద్ధి కావట్లేదు. అక్క మాత్రం బావుండాలి.

మా నాన్న పడవని నీ హోటల్ కప్పుకి వేలాడదీస్తానని కబురు పెట్టావట. ఎందుకూ, అదేమన్నా గబ్బిలమా? ఆనాడు దాని ఒంటికి తొడిగిన కాన్వాస్ గుడ్డ పీకేసి, దేవదారు చెక్క మీద ఫైబర్‌గ్లాస్ పులిమింది నువ్వే. లోపలి తడి ఆరక బద్దలు కుళ్లితే కొట్టం వెనక పారేసిందీ నువ్వే. ఆ పెచ్చంతా గీకి, బద్దలు మార్చి, కొత్త కాన్వాస్ లాగి బిగించింది నేను.

రంగుకి ముందు కాన్వాస్ మీద వేసే పూత ఆరడానికి నెల పైనే పడుతుంది, ముట్టుకోకు బావా అని మొత్తుకున్నాను. నా మనవలు విన్నారు. నువ్వు మాత్రం "ఆరిపోయిందిలే ముసలోడా!" అంటూ బొటనవేలు నొక్కేశావు. గుంట పడింది.

దాన్ని సాపు చేద్దామంటే అక్క ఒప్పుకోలేదు. "ఉండనీరా, ఈ పడవ బాగు చెయ్యడానికి ఆయన చేసిన పనల్లా అదే" అంది. సరేనని దాని మీదే ఆకుపచ్చ రంగేశాను.

ఆదివారం పెనాబ్‌స్కాట్ నదిలో దింపుతున్నాం. ముందు అక్క కూర్చుంటుంది, వెనక నేను. నీకు చోటు లేదు. ఒడ్డున నిలబడి ఆ వేలు ఊపు.

నీ బావమరిది