నీలం పిడి గరిటె

బ్రూక్లిన్, బరో పార్క్‌లో కాపురముంటున్న, కీర్తిశేషుడు హెర్షెల్ రోత్‌బార్ట్ భార్య, డెబ్బై తొమ్మిదేళ్ల గిటెల్ రోత్‌బార్ట్ అనే నేను ఇష్టపూర్వకంగా రాయించి, చదివించుకుని, సంతకం చేస్తున్న వీలునామా ఇది. నా మోకాళ్లు పనిచేయవు, ఎడమ చెవి సగమే పనిచేస్తుంది. బుద్ధి మాత్రం స్థిరంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. బతిమాలి ఉంటే అసలు రాసేదాన్నే కాదు. లోగడ రాసిన వీలునామాలు రెండూ దీనితో రద్దు. మా యూదు శాస్త్రం ప్రకారం ఆస్తి కొడుక్కే పోతుంది కాబట్టి, నా పంపకం చెల్లేందుకు మా మతగురువు రబ్బీగారు రాసిచ్చిన పత్రం కూడా దీని వెనకే ఉంది.

దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు ఎలియాకిమ్ ష్నెక్‌ది. మనిషి నత్తనడక, కానీ ఏ కాగితమూ పారేయడు.

1. నా కొడుకు మెనాషెకు వాళ్ల నాన్న పనిముట్ల పెట్టె, పుస్తకాల బీరువా, చేతిగడియారం చెందాలి. హెర్షెల్ నలభై ఏళ్లు వంటిళ్లు కట్టాడు. మాంసం, పాలు ఒకదానికొకటి తగలకూడదన్నది మా మతనియమం. ఈ పేటలో మాంసానికో వైపు, పాలకో వైపు అరలు బిగించిన చెయ్యి చాలా ఇళ్లలో ఆయనదే. మెనాషెకు మేకు కొట్టడం కూడా రాదు. అయినా ఆ పెట్టె అమ్మకూడదు.

2. నేనుంటున్న మూడో అంతస్తు ఫ్లాటు, అందులోని వంటింటితో సహా, నా కోడలు పెరెల్‌కు సర్వహక్కులతో చెందాలి. మెనాషెతో ఉమ్మడిగా కాదు, ఆమె ఒక్కదాని పేరున. వంటింట్లో ఏమేమున్నాయో స్పష్టంగా రాయమని ష్నెక్ అన్నాడు, రాస్తున్నాను. కిటికీ వైపు మాంసం సింకు, తలుపు వైపు పాల సింకు, దేని గొట్టం దానిదే. ఒకే గొట్టానికి రెండు తొట్లు తగిలించి రెండు సింకులని అమ్మిన ఆసామి ఒకడున్నాడు. గొట్టం పూడుకున్నరోజు మాంసపు నీళ్లు పాల తొట్లోకి తన్నుకొచ్చాయి. వాణ్ని నేనింకా క్షమించలేదు. పొయ్యిలు రెండు, ఓవెన్లు రెండు. రెండు గట్ల మధ్య ఎర్ర టైళ్ల వరుస సరిహద్దు. కూరగాయలు, గుడ్లు, చేపలు, అంటే అటూ ఇటూ కానివాటికి మధ్యలో ఒక బల్ల. నడవా చివర మడత తలుపు వెనక, పులిసిన పిండి సోకకూడని పస్కా పండుగ వంటిల్లు ఉంది. బీరువా అంత జాగా, అందులోనే సింకు, పొయ్యి. ఏడాదికి ఎనిమిది రోజులు తెరుచుకుంటుంది. మిగతా రోజుల్లో అందులో చీపురు పెట్టినా నాకు తెలిసిపోయేది. పెరెల్ కావాలంటే ఉంచుకోవచ్చు, పగలగొట్టించుకోవచ్చు. ఆమెను ఎవరూ అడగకూడదు.

3. ఇరవై రెండేళ్లుగా ఇల్లు శుభ్రం చేస్తున్న రోసాల్బాకు నా ఉన్ని కోటు, వాలుకుర్చీ, మధ్యబల్ల మీది పిండి కలిపే మిషను. ఆమెది క్రైస్తవం. ఎర్ర స్పాంజి మాంసానికి, నీలం స్పాంజి పాలకు అని ఒక్కసారే చెప్పాను. ఇన్నేళ్లలో ఒక్కరోజు పొరబడలేదు.

4. పై అంతస్తు మిసెస్ ఝెలాజోకు ఏమీ లేదు. ఎందుకో ఆమెకు తెలుసు. చేపలు రుబ్బే మిషను ఇంకా వాళ్లింట్లోనే ఉంది, దాన్నే నా బహుమతి అనుకోవచ్చు.

5. నా కూతురు షిఫ్రాకు వెండి దీపస్తంభాలు, మా అమ్మ పస్కా పళ్లాలు, కొండల్లో వేసవికి పోయే రెండు గదుల ఇల్లు. దీనికి ఎనిమిదో నిబంధన వర్తిస్తుంది. అది చదవకుండా తాళాలు అడగవద్దు.

6. రెండో నిబంధన ఎందుకలా రాశానో చెప్పాలి. పదహారేళ్ల క్రితం షిఫ్రా పెళ్లయిన వారంలో, ఏడు రోజుల విందుల్లో నాలుగో విందు మా ఇంట్లో జరిగింది. ముప్పై మంది అతిథులు. పెద్ద ఎనామిల్ కుండలో కోడి సూపు. వడ్డించబోతూ చూస్తే అందులో నీలం పిడి గరిటె ఉంది. పొద్దున్న పాలు కలిపిన గరిటె. రబ్బీగారికి ఫోన్ చేశాం. సూపు పారబోయమన్నారు, కుండ ఇక పనికిరాదన్నారు. వియ్యపురాలు ఆవిడ చెల్లెలి మొహం చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ వినేలా అన్నాను: "పెరెల్ పనే అయ్యుంటుంది. పాపం, ఇంకా నేర్చుకుంటోంది."

ఒక్కరూ అనుమానించలేదు. పెరెల్ ఒహాయో నుంచి వచ్చిన పిల్ల. పుట్టింట్లో ఒకటే సింకు, ఒకటే పెనం, ఈ ఆచారాలన్నీ పెరిగి పెద్దయ్యాక తనంతట తాను పట్టుకుంది. మూడేళ్ల కూతురు హెన్యాను చంకనేసుకుని నిలబడి, "నేనే అయ్యుంటాను అత్తయ్యా, చూసుకోలేదేమో" అంది.

ఆ విందు తర్వాతి ఆదివారం పొద్దున్న పాల గిన్నె తీయబోయాను. పెళ్లి సందడిలో పదిమంది ఆడవాళ్లు చేతులు పెడతారని, ఆ వారమంతా హెర్షెల్ పాల అరకు తాళం బిగించాడు. తాళంచెవి ఒకటే, నా ఏప్రాను జేబులో. అర తెరిస్తే లోపల ఎర్ర పిడి గరిటె, మాంసానిది. అక్కడ పెట్టగలిగింది నేనొక్కదాన్నే. అప్పుడు గుర్తొచ్చింది. ఫోను భుజానికి నొక్కిపెట్టి కుర్చీలు అద్దెకిచ్చేవాడితో పోట్లాడుతూ, ఒక గరిటె పెట్టి ఇంకో గరిటె తీశాను. ఎర్ర గరిటెను ఎవరూ చూడకుండా మాంసం అరలో పెట్టేశాను. నోరు మెదపలేదు.

ఎందుకంటే, పెళ్లికూతుళ్లకు వంటిల్లు నేర్పేదాన్ని నేను. తల్లులు వాళ్లను నా దగ్గరికి పంపేవారు. ఆ పేరు పోతుందని భయపడ్డాను, అంతే. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

అప్పటినుంచి పెరెల్ నా వంటింటి గుమ్మం దాటలేదు. ప్రతి పండక్కీ వస్తుంది, గుమ్మం బయట కుర్చీలో కూర్చుని, "ఏమైనా తరగాలా అత్తయ్యా" అని అడుగుతుంది, నేను ఉల్లిపాయలు బయటికే అందిస్తాను. షిఫ్రా అయితే పెరెల్ ఇంట్లో మంచినీళ్లు తప్ప ముట్టదు. ఇది షిఫ్రా తప్పు కాదు, నేను చెప్పిందే నమ్మింది. ఈ ఎండాకాలం హెన్యాకు మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి తల్లి షిఫ్రాకు ఫోన్ చేసి, "మీ వదినగారింట్లో మీరు భోంచేస్తారా?" అని అడిగింది. షిఫ్రా అబద్ధమాడదు. "నేను తినను" అంది. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

7. పై నిబంధనను నేను పోయాక చదవడానికే రాయించాను. ష్నెక్ కలం పక్కన పెట్టి అన్నాడు: "అమ్మా, మీరింకా పదేళ్లు ఉంటారు. ఆ పిల్లకు పెళ్లీడు ఇప్పుడు." నిదానపు మనిషికి ఆ మాట వెంటనే తట్టింది. పదహారేళ్లుగా నాకు తట్టలేదు.

అందుకని మొన్న గురువారం అందర్నీ పిలిచి, ష్నెక్ చేత ఆరో నిబంధన చదివించాను. పెరెల్ ఎప్పటిలా గుమ్మం బయట కుర్చీలోనే ఉంది. మెనాషె తల దించుకుని, మళ్లీ ఎత్తలేదు. షిఫ్రా మొహం పాలిపోయింది. "అమ్మా, నేనా మాట ఆ అబ్బాయి వాళ్లమ్మతో అనేశాను కదే" అంది. అప్పటికప్పుడే ఆ తల్లికి ఫోన్ చేసింది. అబ్బాయికి పోయిన వారమే వేరేచోట నిశ్చయమైందట.

పెరెల్ ఏడవలేదు. మెల్లగా అంది: "మా ఇంట్లో ప్రతి గరిటె మూడుసార్లు చూసుకుంటాను అత్తయ్యా. చూసుకున్నాక హెన్యాను పిలిచి మళ్లీ చూడమంటాను. పదహారేళ్లుగా నా చేతుల్ని నేనే నమ్మలేదు." ఆపైన, "ఎండాకాలంలోనైనా చెప్పి ఉండాల్సింది" అంది.

తప్పు చేసినవాళ్లు ముగ్గురి ఎదుట, మూడు సార్లు క్షమాపణ అడగాలని మాకు నియమం. అక్కడే మొదటిసారి అడిగాను. "ఇవాళ నన్ను అడక్కండి" అంది. ఈ పొద్దున్న వాళ్లింటికి వెళ్లి, ష్నెక్, ఇద్దరు సాక్షులు వింటుండగా రెండోసారి అడిగాను. "ఇంకా లేదు అత్తయ్యా" అంది, తలుపు మాత్రం వేయలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె చెప్పింది న్యాయమే.

ఆమె క్షమించినా, ఎన్నటికీ క్షమించకపోయినా, రెండో నిబంధనలో అక్షరం మారదు. ఆరో నిబంధన నకళ్లు పదిహేను తీయించాను. పెళ్లిళ్ల పేరయ్యలకు, ఆ అబ్బాయి తల్లికి, నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో విలాసం దొరికినవాళ్లకు నా సంతకంతో మంగళవారం టపాలో పోతాయి.

8. మూడోసారి అడగకముందే నేను పోతే, నా తరఫున షిఫ్రా అడగాలి. ముగ్గురిని వెంటబెట్టుకుని పెరెల్ ఇంటికి వెళ్లాలి. మధ్యాహ్నం, ఆకలితో వెళ్లాలి. ఏమీ పరీక్షించకుండా, ఏ అరా తెరవకుండా, పెరెల్ ఏ పళ్లెంలో ఏది వడ్డిస్తే అది కడుపునిండా తినాలి. ఆమె వడ్డించకపోతే ఇంకోరోజు వెళ్లాలి, వడ్డించేదాకా వెళుతూనే ఉండాలి. షిఫ్రా ఆ ఇంట్లో తిన్నదని పెరెల్ సంతకం చేసిన కాగితం ష్నెక్ చేతికి అందేవరకు, ఐదో నిబంధనలోని ఇంటి తాళాలు ఆమెకు ఇవ్వకూడదు.

మా పంచాంగం ప్రకారం కిస్లేవ్ నెల మూడో తేదీ, 5779. ఆదివారం, నవంబరు 11, 2018. బ్రూక్లిన్.

(సంతకం) గిటెల్ రోత్‌బార్ట్

గిటెల్ రోత్‌బార్ట్ మా కళ్లెదుట చదివించుకుని, ఒకచోట ఆగి కళ్లజోడు తుడుచుకుని, సంతకం చేసిందని సాక్షులం:

జాల్మాన్ పెర్ల్‌ముటర్, చేపల వ్యాపారి
బ్రైండెల్ ఔఫ్రిఖ్టిగ్, రెండో అంతస్తు