నీ దిండు కింద దొరికిన వేప్

యశ్వంత్, కుక్కర్లో అన్నం ఉంది, పప్పు వేడి చేసుకో. నీ దిండు కింది వేప్, ఆ ఈ-సిగరెట్, నా దగ్గరుంది, వెతకకు. ‘సిగరెట్ కంటే నయం నాన్నా’ అన్నావు. పాతికేళ్ళు కాల్చిన నాకైతే నయమేమో. ఎప్పుడూ కాల్చని నీకు దేనికంటే నయం? దానిలోని నికోటిన్ పదహారేళ్ళవాణ్ణి ఇట్టే పట్టేస్తుంది.

నిన్న పొగ మాన్పించే క్లినిక్‌లో, ఊపిరిలో విషవాయువు ఎంతుందో చూసే మిషన్‌లోకి ఊదాను. మొదటిసారి ఇరవై ఆరు చూపింది, నిన్న మూడు! నర్సు నమ్మక మళ్ళీ ఊదించింది, మళ్ళీ మూడే. మెసయీద్‌లో పనికెళ్ళే కంపెనీ బస్సులో అందరికీ చెప్పాను. ఇంటికొచ్చి నీకూ చెబుదామంటే నువ్వే నీ గది తలుపు తియ్యలేదు.

నాలుగింటికి వస్తాను, చొక్కా మార్చుకుని ఉండు. నిన్నూ ఆ క్లినిక్‌కే తీసుకెళ్తాను.

నాన్న

మీ అమ్మ బతిమాలినప్పుడు నేను మానలేదు, ఆ తప్పుకి నన్ను నేనే క్షమించుకోను. ఆమెలా బతిమాలడం నాకు రాదు. అందుకే ముందు నేను మానేశాను.