సగంలో లేచి వచ్చేశాను

ఏవండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. భోజనాలయ్యాక మీ తమ్ముడు పెరట్లో సంస్మరణ సభ పెట్టారు. ఫ్లెక్సీ మీద మీ పేరు కింద ‘సినీ విమర్శకులు’ అని వేయించారు. మీరు ఫోన్లో రాసే రివ్యూలని పనీపాటా లేని రాతలన్నది ఆయనే.

రావులపాలెం డైరెక్టరు కూడా వచ్చాడు. అమలాపురంలో అతని సినిమా చూసొచ్చి మీరు రాసింది నాకింకా నోటికి వచ్చు: ‘ఇంటర్వెల్లో మిరపకాయ బజ్జీ బాగుంది. పాటలు మా కొబ్బరికాయలు ఒలిచేవాళ్లకి వినిపించాను, ఒక్కరి చెయ్యీ ఆగలేదు.’ ఆ తర్వాత అతను మన గుమ్మం తొక్కలేదు. ఇవాళ మైకు పుచ్చుకుని, “నా సినిమా అంటే మాస్టారికి ప్రాణమండీ, ప్రతి పాటా మెచ్చుకునేవారండీ” అన్నాడు. అందరూ ఆయ్ అంటూ తలలూపారు.

నేను లేచి, “ఆయనకి ఆ సినిమా నచ్చలేదండీ” అన్నాను.

మీ తమ్ముడు పక్కకొచ్చి నెమ్మదిగా, “కూర్చోండి వదినగారూ. పోయినోళ్ల గురించి చెడ్డగా చెప్పకూడదండీ” అన్నారు.

మీరు మొహమాటం లేకుండా నిజం రాసేవారన్నది చెడ్డమాట అయిపోయింది. తర్వాత ఆ సినిమా పాటలే పెట్టారు.

నచ్చకపోతే మీరు ఇంటర్వెల్లోనే వచ్చేసేవారు. టిక్కెట్టు దండగని నేను చివరిదాకా కూర్చుని, ఇంటికొచ్చి మిగతా కథ మీకు చెప్పేదాన్ని. ఇవాళ నేనూ సగంలోనే లేచి లోపలికి వచ్చేశాను. మిగతాది ఏమైందని అడిగే మనిషి లేరుగా.